బొమ్మలో ఇరుక్కున్న అక్షరం: క్లిప్‌ఆర్ట్ మీద పేరు మార్చడం వెనక 500 ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్‌లోకి వెళ్ళే ముందు మీ ఫోన్ గ్యాలరీ ఒక్కసారి ఓపెన్ చేయండి. అందులో ఒక ఉగాది గ్రీటింగో, వినాయక చవితి గ్రీటింగో పక్కాగా ఉంటుంది. మామిడాకుల తోరణం, మధ్యలో కలశం, పెద్ద పెద్ద అక్షరాల్లో శుభాకాంక్షలు, కింద ఎవరిదో పేరు. బొమ్మ బాగుంది, మనమూ పంపాలి. కానీ కింద ఉన్న పేరు మనది కాదు, పైన ఉన్న సంవత్సరం పోయినేడాదిది. ఆ రెండూ మారిస్తే చాలు, రెండు నిమిషాల పని అనుకుంటాం.

ఇక్కడే గొడవ మొదలవుతుంది. ఆ పేరు మీద ఎంత నొక్కినా కర్సర్ రాదు. కంటికి అక్షరంలా కనిపిస్తుంది గానీ ఫోన్‌కి అది అక్షరమే కాదు. చివరికి ఏం చేస్తాం? పేరు మీద ఒక రంగు పెట్టె అతికించి, దాని మీద మన పేరు రాసుకుంటాం. ఎవరు చూసినా అతుకు తెలిసిపోతుంది. వాట్సాప్‌లో సగం గ్రీటింగ్‌లు ఇలాంటివే కదా.

మరి బొమ్మలో ఉన్న అక్షరాన్ని మార్చడం ఎందుకింత కష్టం? యాప్ మంచిది కాదనో, మనకి ఎడిటింగ్ రాదనో అనుకుంటాం. నాకు మాత్రం ఈ చరిత్ర చదివాక ఇంకోటి అనిపించింది. ఆ అక్షరం మారుతుందా లేదా అన్నది బొమ్మ మన చేతికి రాకముందే తేలిపోతుంది. దాన్ని చేసినవాళ్ళు అక్షరాన్ని అక్షరంగా వదిలారా, లేక బొమ్మలో కలిపేశారా అన్నదే లెక్క. ఈ లెక్క కంప్యూటర్‌తో మొదలవలేదు. చెక్క దిమ్మెల కాలం నుంచీ ఉంది.

ముందుగా యూరప్‌కి వెళ్దాం. 15వ శతాబ్దం. అప్పట్లో కొన్ని పుస్తకాలు ఎలా అచ్చయ్యేవంటే, ఒక పేజీకి ఒక చెక్క దిమ్మె. బొమ్మా, దాని కింద మాటలూ రెండూ ఆ ఒక్క చెక్కలోనే తిరగేసి చెక్కేవాళ్ళు. సిరా పూసి కాగితం అద్దితే పేజీ రెడీ. చాలా సులువు. కానీ ఒక్క అక్షరం తప్పు పడిందంటే ఆ చోట చెక్క తవ్వి కొత్త ముక్క బిగించాలి, లేదా దిమ్మె మొత్తం మళ్ళీ చెక్కాలి. మన జేపీజీ ఫైల్‌కి ముత్తాత అన్నమాట.

ఇప్పుడు 1493. జర్మనీలో నూరెంబర్గ్ నగరం. హార్ట్‌మన్ షెడెల్ అనే డాక్టర్ రాసిన ప్రపంచ చరిత్రని ఆంటన్ కోబెర్గర్ ప్రెస్సు అచ్చు వేసింది. నూరెంబర్గ్ క్రానికల్ అంటారు దాన్ని. అందులో బొమ్మలు దాదాపు 1800. మరి చెక్క దిమ్మెలు ఎన్నో తెలుసా? 650కి అటూ ఇటూ, అంతే. మిగతా బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయి? అవే దిమ్మెలు మళ్ళీ మళ్ళీ వాడారు! ఒకే కోట, ఒకే బురుజులు, ఒకే చర్చి గోపురం. ఒక పేజీలో ఒక నగరం పేరు, ఇంకొన్ని పేజీల తర్వాత ఇంకో నగరం పేరు. ఒకే గడ్డం మనిషి ఒకచోట రాజు, ఇంకోచోట పండితుడు.

మోసం కదా ఇది అంటారా? నూరెంబర్గ్ లాంటి కొన్ని నగరాలకి నిజంగా చూసి గీసిన బొమ్మలే ఉన్నాయి. మిగతావాటికి మాత్రం 'ఇక్కడ ఒక నగరం గురించి చదవబోతున్నారు' అని గుర్తుగా ఒక బొమ్మ. మనకి ఇక్కడ కావాల్సింది టెక్నిక్. పేరు ఆ చెక్కలో లేదు. పేరు విడిగా, సీసపు అక్షరాలతో పేర్చింది. అందుకే బొమ్మని కదపకుండా పేరు మార్చగలిగారు. బొమ్మ ఒక లేయరు, పేరు ఇంకో లేయరు. ఆ మాట అప్పుడు లేదు గానీ పని మాత్రం అదే.

ఇక అక్కడి నుంచి 19వ శతాబ్దపు అమెరికాకి వద్దాం. అక్కడ సీసపు అక్షరాలు పోతపోసే ఫౌండ్రీలు ఉండేవి. అవి అక్షరాలతో పాటు రెడీమేడ్ బొమ్మల దిమ్మెలు కూడా అమ్మేవి. ఓడ, గుర్రం, రైలు ఇంజను, టోపీ, బూటు, చేయి చాపి చూపిస్తున్న వేలు. లావుపాటి కేటలాగులు ఉండేవి. చిన్న ఊరి ప్రెస్సువాడు అందులోంచి నంబరు చూసి ఆర్డర్ పెట్టేవాడు. ఓడ బయల్దేరుతుందని ప్రకటన వస్తే ఓడ దిమ్మె, గుర్రం తప్పిపోతే గుర్రం దిమ్మె. ఇదే క్లిప్‌ఆర్ట్, ఇంకా ఆ పేరు పెట్టలేదంతే.

ఆ దిమ్మెల్లో ఒక రకం నాకు భలే నచ్చింది. బొమ్మ మధ్యలో కావాలనే ఒక చదరపు కన్నం కోసి అమ్మేవాళ్ళు. ఒక మనిషి బోర్డు పట్టుకుని నిలబడి ఉంటాడు, బోర్డు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ కన్నంలో ప్రెస్సువాడు తన సీసపు అక్షరాలు పేర్చి బిగిస్తాడు. ఇవాళ కిరాణా కొట్టు పేరు, రేపు బట్టల కొట్టు పేరు. ఇప్పుడు మనం టెంప్లేట్ అంటున్నామే, 'ఇక్కడ మీ పేరు రాయండి' అని, సరిగ్గా అదే. బొమ్మ చేసినవాడు ముందే ఆలోచించి తర్వాతివాడికి చోటు వదిలాడు.

దీనికి పూర్తి రివర్స్ పద్ధతి ఒకటి ఉంది. పేర్చిన పేజీ మొత్తానికి అచ్చు తీసి, అందులో కరిగిన లోహం పోసి ఒకే పలకగా చేసేయడం. అక్షరాలన్నీ గడ్డకట్టేసినట్టు, ఒక్కటి కూడా విడిగా తీయలేం. ఆ పలక పేరు స్టీరియోటైప్. అవును, మనం 'అమ్మాయిలు ఇలాగే, ఫలానా ఊరివాళ్ళు అలాగే' అని ముద్ర వేసేస్తే స్టీరియోటైపింగ్ అంటామే, ఆ మాట పుట్టింది ఇక్కడే. క్లిషే అనే మాట కూడా ఫ్రెంచ్ ప్రెస్సుల్లో ఇలాంటి పలకకి పెట్టిన పేరే. మార్చడానికి వీల్లేకుండా బిగిసిపోయిన అక్షరం, మార్చడానికి వీల్లేని అభిప్రాయం. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బరువైన విషయం.

ఆ ఫౌండ్రీ కేటలాగుల్లో ఓడలూ గుర్రాలతో పాటు ఇంకో బొమ్మ ఉండేది. భుజాన కర్ర, కర్ర చివర మూట, అడుగు ముందుకేసి పోతున్న నల్లజాతి మనిషి. అది పారిపోయిన బానిసల ప్రకటనలకి వాడే దిమ్మె. ఆడవాళ్ళకి విడిగా ఇంకోటి ఉండేది. అమెరికా పత్రికల్లో ఈ ప్రకటనలు వేలకొద్దీ వచ్చాయి. పారిపోయింది నడివయసు మనిషైనా, పదిహేనేళ్ళ కుర్రాడైనా బొమ్మ ఒకటే. కింద అక్షరాలు మాత్రం మారేవి. పేరు, వయసు, ఒంటి మీద గాయాల గుర్తులు, పట్టిస్తే ఇచ్చే డబ్బు. ఒక మనిషి ప్రాణాలకు తెగించి పారిపోతే, ప్రెస్సులో అరలోంచి ఓడ బొమ్మ తీసినట్టే ఈ బొమ్మ తీసి పెట్టేవాళ్ళు. క్లిప్‌ఆర్ట్ అంటే ముద్దుముద్దు బొమ్మలు అనుకునేవాళ్ళకి ఇది తెలియాలి.

అయితే 1837లో ఒకటి జరిగింది. బానిసత్వానికి వ్యతిరేకంగా న్యూయార్క్ నుంచి వచ్చే ఒక చిన్న పత్రిక, పేరు యాంటీ స్లేవరీ రికార్డ్. వాళ్ళు అదే బొమ్మని తమ పత్రికలో అచ్చు వేశారు. కింద 'పట్టిస్తే ఇంత బహుమతి' అన్న మాటలు లేవు. వాటి బదులు, ఈ దిమ్మెలు మన ఈ నగరంలోనే తయారై దక్షిణాదికి అమ్ముడుపోతున్నాయని రాశారు. అంటే 'బానిసత్వం ఎక్కడో దక్షిణాదిలో ఉంది, మాకేం సంబంధం' అనుకునే న్యూయార్క్ పాఠకుడి ముందు, నీ పక్క వీధిలో ఫౌండ్రీవాడు దీని మీద డబ్బు చేసుకుంటున్నాడు అని చూపించారు. బొమ్మలో ఒక్క గీత మారలేదు. మారింది కింది మాటలే. కానీ పారిపోతున్నవాడిని పట్టించే కాగితం కాస్తా, పట్టించేవాళ్ళని నిలదీసే కాగితం అయింది.

నా వరకూ ఈ మొత్తం చరిత్రలో గొప్ప ఎడిటింగ్ ఇదే. ఫోటోషాప్ లేదు, ఏఐ లేదు.

సరే, మన వైపు చూద్దాం. మన ఊళ్ళలో లెటర్‌ప్రెస్సులు ఉన్న రోజుల్లో శుభలేఖలు ఎలా అయ్యేవో మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. వినాయకుడి బొమ్మ బ్లాకు ఒకటి ప్రెస్సులో ఉండేది. అందరి పెళ్ళికీ అదే వినాయకుడు. కింద వధూవరుల పేర్లు, ముహూర్తం, విందు ఎక్కడ, ఇవన్నీ విడి అక్షరాలు ఏరి పేర్చేవాళ్ళు. పెళ్ళి అయ్యాక ఆ అక్షరాలు విప్పి మళ్ళీ అరల్లో వేసేవాళ్ళు. వినాయకుడు మాత్రం వచ్చే పెళ్ళికి రెడీ.

ఇంకో మంచి ఉదాహరణ మీ ఇంట్లో గోడకే వేలాడుతుంటుంది. క్యాలెండరు. తమిళనాడులో శివకాశి అంటే టపాసులు గుర్తొస్తాయి కదా, క్యాలెండర్ల అచ్చుకి కూడా అది పెద్ద కేంద్రం. దేవుడి బొమ్మతో రంగుల్లో అచ్చయిన షీట్లు అక్కడి నుంచి మన ఊళ్ళకీ వస్తాయి. బొమ్మ కింద ఒక పట్టీ ఖాళీగా ఉంటుంది. అందులో బంగారం కొట్టువాళ్ళో, ఎరువుల కొట్టువాళ్ళో తమ పేరు, ఫోన్ నంబరు వేయించుకుంటారు. అదే లక్ష్మీదేవి, మన వీధిలో ఒక కొట్టు పేరుతో, పక్క వీధిలో ఇంకో కొట్టు పేరుతో. అమెరికా దిమ్మెలో కన్నం ఏం చేసిందో, ఈ ఖాళీ పట్టీ అదే చేస్తోంది.

క్లిప్‌ఆర్ట్ అనే పేరు సంగతి కూడా చెప్పేస్తాను. క్లిప్ అంటే కత్తిరించడం. నిజం కత్తెరతోనే. 1950ల నుంచి అమెరికాలో హ్యారీ వోల్క్ లాంటి స్టూడియోలు కేవలం బొమ్మలతో పుస్తకాలు అమ్మాయి. కొనుక్కున్నవాళ్ళు బొమ్మ కత్తిరించి, అట్ట మీద జిగురుతో అతికించి, పక్కన మాటలు అతికించి, మొత్తాన్ని ఫోటో తీసి ప్లేటు చేసేవాళ్ళు. 1961 నుంచి లెట్రాసెట్ షీట్లు వచ్చాయి, రుద్దితే అక్షరం కాగితానికి అంటుకుంటుంది. తప్పు పడితే గీకి మళ్ళీ రుద్దడం. ఇందులో పెద్ద కథేం లేదు, ముందుకెళ్దాం.

1984 జనవరి. యాపిల్ మెకింతోష్ వచ్చింది. దాంతో పాటు మ్యాక్‌పెయింట్ అనే ప్రోగ్రాం. రాసింది బిల్ అట్కిన్సన్. అందులో బొమ్మ అంటే నలుపు తెలుపు చుక్కలు, 576 అడ్డంగా, 720 నిలువుగా. అంతే. మాటలు కూడా టైప్ చేయొచ్చు, రకరకాల ఫాంట్లు కూడా ఉన్నాయి. కానీ ఒక మెలిక. టైప్ చేస్తున్నంతసేపూ అది అక్షరం. ఒక్కసారి పక్కన ఎక్కడైనా క్లిక్ చేశారా, అయిపోయింది, చుక్కలైపోయింది. తప్పు దొరికితే ఎరేజర్ పెట్టి తుడిచి మళ్ళీ టైప్ చేయాల్సిందే. తుడిస్తే వెనకున్న బొమ్మ కూడా పోతుంది.

అదే మెకింతోష్‌కి మ్యాక్‌డ్రా అని ఇంకో ప్రోగ్రాం ఉంది. అది చుక్కల్ని గుర్తుపెట్టుకోదు. 'ఇక్కడ ఒక గీత, ఇక్కడ ఒక వృత్తం, ఇక్కడ ఈ ఫాంటులో ఈ మాట' అని వివరాలు రాసిపెట్టుకుంటుంది. వంటతో పోలిస్తే ఒకటి వండేసిన సాంబారు, ఇంకోటి సాంబారు ఎలా చేయాలో రాసిన కాగితం. వండేశాక ఉప్పు వెనక్కి తీయలేం. కాగితం మీద అయితే కొట్టేసి ఇంకో అంకె రాసుకోవచ్చు. ఇప్పుడు మనం ఒకదాన్ని రాస్టర్ అనీ, ఇంకోదాన్ని వెక్టర్ అనీ అంటున్నాం. తర్వాతి 40 ఏళ్ళు బొమ్మల ప్రపంచంలో నడిచింది ఈ రెండు దారులే.

అదే ఏడాది టీ/మేకర్ అనే కంపెనీ క్లిక్‌ఆర్ట్ పేరుతో ఫ్లాపీల్లో బొమ్మలు అమ్మడం మొదలుపెట్టింది. 1989లో కోరల్‌డ్రా వచ్చింది, తర్వాత తర్వాత దాంతో పాటు క్లిప్‌ఆర్ట్ గుట్టలుగా వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో కూడా బొమ్మల గంప ఒకటి ఉండేది. మీలో స్కూల్ ప్రాజెక్టు చేసిన అన్నయ్యలు, అక్కయ్యలు ఉంటే వాళ్ళకి గుర్తుంటుంది. ఆ బొమ్మల్లో చాలావాటి మీద రైట్ క్లిక్ చేసి అన్‌గ్రూప్ అంటే ముక్కలు ముక్కలుగా విడిపోయేవి. చేయి వేరు, టోపీ వేరు, చేతిలో బోర్డు వేరు. బోర్డు మీద ఏదైనా ఇంగ్లీషు మాట ఉంటే ఆ మాట ముక్కని డిలీట్ చేసి, అక్కడ టెక్స్ట్ బాక్స్ పెట్టి మన మాట రాసుకోవచ్చు. వెక్టర్ కాబట్టే కుదిరింది. ఆ గంపని మైక్రోసాఫ్ట్ 2014 డిసెంబర్‌లో మూసేసింది, బింగ్‌లో ఇమేజ్ వెతుక్కోండి అంది. అప్పటి నుంచి మన చేతికి వచ్చేవి ఎక్కువగా వండేసిన సాంబార్లే.

వర్డ్‌ఆర్ట్ గుర్తుందా? ఇంద్రధనస్సు రంగుల్లో, వంకరగా, నీడతో ఉండే అక్షరాలు. దాని మొదటి రూపం చేసింది 1991లో మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్న్‌లుగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, స్కాట్ ఫోర్‌స్టాల్, నాట్ బ్రౌన్. ఆ ఫోర్‌స్టాలే తర్వాత యాపిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కి పెద్ద అయ్యాడు. డిజైనర్లు వర్డ్‌ఆర్ట్‌ని చూసి నవ్వుతారు, నిజమే, కళ్ళు చెదిరేలా ఉండేది. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి. ఎంత మెలి తిప్పినా, ఎన్ని రంగులు పూసినా లోపల అక్షరం బతికే ఉండేది. డబుల్ క్లిక్ చేసి మాట మార్చొచ్చు. మరి ప్రొఫెషనల్స్ వాడే ఫోటోషాప్‌లో? 1990లో మొదటి వెర్షన్ వచ్చింది. టైప్ చేసి ఓకే అంటే అక్షరం చుక్కలైపోయేది. రాసిన మాటని మళ్ళీ మార్చుకునే వీలు 1998లో, 5.0 వెర్షన్‌తో వచ్చింది. ఎనిమిదేళ్ళు పట్టింది! ఆ ఎనిమిదేళ్ళు స్పెల్లింగ్ తప్పు పడితే డిజైనర్ నెత్తి కొట్టుకోవడమే.

ఇప్పుడు మన తెలుగు అక్షరం సంగతి. ఇక్కడ కష్టం డబుల్.

'లక్ష్మి' అని రాయండి. కంటికి రెండు అక్షరాలు. ఇప్పటి యూనికోడ్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ కలిపి, ఒత్తులు కిందకి దింపి, గుడి పైన పెట్టి చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని రాని ప్రోగ్రాంలో పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కపక్కన కూర్చుంటాయి. పాత ఫోటోషాప్‌లో తెలుగు పేస్ట్ చేసినవాళ్ళందరికీ ఈ బాధ తెలుసు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ విండోస్‌లో తెలుగు ఫాంటు, గౌతమి, వచ్చింది 2001లో ఎక్స్‌పీతో. మరి అప్పటిదాకా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు, శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఎలా అయ్యాయి? డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, వాటితో అను ఫాంట్లు, శ్రీలిపి లాంటివి. వీటి ఉపాయం ఏంటంటే, ఇంగ్లీషు ఫాంటులో ఉండే గదుల్లో ఇంగ్లీషు అక్షరాలు తీసేసి తెలుగు ముక్కలు పెట్టడం. తలకట్టు ఒక గది, కొమ్ము ఒక గది, ఒత్తు ఒక గది. ఆ ముక్కలు పేర్చితే అందమైన తెలుగు. కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల గుట్టే. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట అర్థం కాని చెత్త.

అందుకే ఫైల్ ప్రింటింగ్‌కి పంపేముందు ఆపరేటర్లు ఒక పని చేసేవాళ్ళు, ఇప్పటికీ చేస్తారు. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. కన్వర్ట్ టు కర్వ్స్. అక్షరాలన్నీ ఉత్త గీతలుగా మారిపోతాయి. ఇక అవతలివాడి దగ్గర ఫాంటు లేకపోయినా పర్లేదు, అక్షరం చెదరదు. కానీ అది ఇక అక్షరం కూడా కాదు. వినాయకుడి తొండం ఎలాంటి గీతో, మీ పేరు కూడా అలాంటి గీతే. డీటీపీ షాపులో ఈ మాటలు ఎప్పుడైనా విన్నారా?

"అన్నా, మా బావ పేరులో ఒత్తు తప్పు పడ్డది, జర మార్చవా?"

"ఇది కర్వ్స్ అయిపోయింది తమ్మీ. ఒత్తు ఒక్కటే మారదు, పేరు మళ్ళా కొట్టాల్సిందే. ఆ ఫాంటు కూడా ఏందో చూడాలె."

ఆ అన్న పని తప్పించుకోవడానికి చెప్పట్లేదు. నిజంగానే అక్కడ మార్చడానికి అక్షరం లేదు. ఫైల్ ప్రింటింగ్‌లో చెదిరిపోకూడదని చేసిన పని, దిద్దుబాటుకి దారి మూసేసింది. ఇది ఆపరేటర్ల తప్పు అనను. ఫాంటు నమ్మకం లేని రోజుల్లో కస్టమర్‌కి సరైన పెళ్ళికార్డు ఇవ్వాలంటే వేరే దారి లేదు. కాకపోతే కర్వ్స్ చేయకముందు ఇంకో కాపీ సేవ్ చేసి ఉంచినవాళ్ళు ఎంతమంది? అందుకే ఏళ్ళ తరబడి చేసిన తెలుగు డిజైన్లు ఎన్నో ఇప్పుడు చూడ్డానికి ఉన్నాయి, వెతకడానికి, దిద్దడానికి లేవు. నెట్‌లో ఫ్రీగా దొరికే ఫ్లెక్సీ ఫైల్స్ డౌన్‌లోడ్ చేసి చూడండి. లేయర్లు ఉంటాయి, ఆశపడతాం. ఓపెన్ చేస్తే ఫాంటు మిస్సింగ్ అని ఒక గుర్తు, తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు చెత్త.

ఇందులో ఒక్క మినహాయింపు నాకిష్టం. బాపు గారి బొమ్మలు. అక్కడ అక్షరం కూడా ఆయన కుంచెదే, దాన్ని విడదీయాలని అనిపించదు కూడా. ఆయన చేతిరాత తర్వాత ఫాంటుగా వచ్చింది, ఇప్పుడు దాంతో ఎవరైనా టైప్ చేయొచ్చు. మనిషి చేతిరాత అక్షరంగా బయటికొచ్చిన కథ అది.

బొమ్మలో అక్షరం బతికుంటే ఏమొస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. ఎస్‌వీజీ అని ఒక ఫైల్ రకం ఉంది, 2001లో వెబ్ ప్రమాణంగా ఖాయమైంది. అది వెక్టర్, పైగా లోపల అంతా మామూలు టెక్స్ట్. బొమ్మలో మాట ఉంటే ఫైల్ లోపల కూడా ఆ మాట మాటగానే ఉంటుంది. 2004లో మొదలైన ఓపెన్ క్లిప్‌ఆర్ట్ లైబ్రరీ బొమ్మలన్నీ ఈ రకమే, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. వికీమీడియా కామన్స్‌లో గుండె పనిచేసే తీరు, నీటి చక్రం, పువ్వులో భాగాలు లాంటి డయాగ్రాములు ఈ రకంలో బోలెడు ఉన్నాయి. ఒకే ఫైల్‌లో ఇంగ్లీషు పేర్ల పక్కనే తెలుగు పేర్లు కూడా పెట్టొచ్చు. చూసేవాళ్ళ భాషని బట్టి ఆ భాష పేర్లు కనిపించే ఏర్పాటు ఉంది. డ్రాయింగ్ రానివాళ్ళు కూడా ఆ పేర్లు అనువాదం చేయొచ్చు, దానికి అక్కడే ఒక టూల్ ఉంది. తెలుగు మీడియంలో చదివే పిల్లకి గుండె బొమ్మ మీద 'కర్ణిక', 'జఠరిక' అని కనిపించాలంటే మళ్ళీ గుండె గీయక్కర్లేదు. కానీ గీసినవాళ్ళు పేర్లని గీతలుగా మార్చేసి పెట్టి ఉంటే? ఆ టూల్‌కి అక్కడ పేర్లే కనపడవు. మళ్ళీ మొదటికి.

ఇక ఫోన్ల కాలం. మనం పంచుకునే ఫోటోల్లో ఎక్కువ జేపీజీలు. ఆ పద్ధతి 1992 నాటిది. బొమ్మని 8 బై 8 చుక్కల చిన్న గడులుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని వివరాలు పారేసి సైజు తగ్గిస్తుంది. ముఖాలకీ, ఆకాశానికీ బాగానే ఉంటుంది. అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి కదా, అక్కడ మాత్రం చుట్టూ మరకలు పడతాయి. గ్రూపు నుంచి గ్రూపుకి ఫార్వర్డ్ అయి, సేవ్ అయి, ఎడిట్ అయి మళ్ళీ మళ్ళీ కుదించుకుపోయిన కొద్దీ మరకలు పెరుగుతాయి. అందుకే పాత పేరు ఎంత జాగ్రత్తగా తుడిచినా చుట్టూ దెయ్యంలా నీడ మిగులుతుంది. డిజైన్ ఎవరికైనా పంపాలంటే ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

2010లో రెండు విచిత్రాలు ఒకే ఏడాది వచ్చాయి. ఫోటోషాప్‌లో, తుడిచిన చోటు చుట్టుపక్కల చూసి తనే పూడ్చేసే టూల్ ఒకటి. ఐఫోన్‌లో వర్డ్ లెన్స్ అనే యాప్ ఒకటి. స్పానిష్ బోర్డు మీద కెమెరా పెడితే, స్క్రీన్ మీద అదే బోర్డు ఇంగ్లీషులో కనిపించేది. అక్షరాలు ఎక్కడున్నాయో వెతకాలి, చదవాలి, తుడవాలి, వెనక రంగు పూడ్చాలి, అదే చోట కొత్త మాట రాయాలి. ఇదంతా కెమెరా కదులుతుండగానే. 2014లో గూగుల్ దాన్ని కొనేసింది. ఇప్పుడు మీ ఫోన్‌లో కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేస్తే జరిగేది అదే రకం పని. ఏఐ ఎడిటర్లు ఇంకో అడుగు ముందుకేసి 'ఈ పేరు తీసి ఆ పేరు పెట్టు' అంటే పెట్టేస్తున్నాయి. ఇంగ్లీషు వరకూ బాగానే ఉంది. తెలుగు అడిగితే చాలాసార్లు ఒత్తులు ఎక్కడెక్కడో పడతాయి. ఎందుకంటే అవి అక్షరాలు రాయట్లేదు, అక్షరాల్లా ఉండే బొమ్మలు వేస్తున్నాయి. 1984 మ్యాక్‌పెయింట్ దారే, కొంచెం తెలివి ఎక్కువ, అంతే.

ఇంత తేలికయ్యాక దొంగ పని కూడా తేలికే అయింది. టీవీ బ్రేకింగ్ ప్లేటు, పేపర్ క్లిప్పింగ్, పరీక్ష వాయిదా పడిందనే సర్క్యులర్. లోగో నిజం, రంగు నిజం, మధ్యలో మాట అబద్ధం. అలాంటిది వస్తే ఒత్తులూ, అక్షరాల అంచులూ, చుట్టూ ఉండే మరకలూ జూమ్ చేసి చూడండి. పక్క లైన్లలో మరకలుండి ఒక్క లైను మాత్రం అద్దంలా మెరుస్తుంటే అనుమానించాల్సిందే. అన్నీ సరిగ్గా ఉన్నాయని మాత్రం నమ్మేయకండి, ఆ సర్క్యులర్ ఇచ్చినవాళ్ళ సైట్‌లో ఉందో లేదో చూడండి.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. కళ్ళు కనపడనివాళ్ళు ఆండ్రాయిడ్ ఫోన్‌ని టాక్‌బ్యాక్‌తో వాడతారు. స్క్రీన్ మీద టెక్స్ట్‌ని అది చదివి వినిపిస్తుంది. కాలేజీ గ్రూపులో ఫీజు ఆఖరి తేదీ నోటీసు ఫోటోగా పడితే, చాలాసార్లు వాళ్ళకి వినపడేది 'ఫోటో' అనే ఒక్క ముక్కే. ఫోటోలో అక్షరాలు చదివి పెట్టే టూల్స్ వస్తున్నాయి, కానీ మరకలు పడ్డ తెలుగు ఒత్తుల దగ్గర అవీ తడబడతాయి. ఆ నోటీసు కింద తేదీని రెండు మాటల్లో టైప్ చేయడానికి పది సెకన్లు. ఈసారి మీ గ్రూపులో అలాంటి ఫోటో పడితే ఆ పది సెకన్లు మీరే పెట్టండి.

ఈ ఎపిసోడ్‌లో చూపించిన గుండె బొమ్మ ఇంకా కొంచెం ఇంగ్లీషులోనే ఉంది. మీలో ఎవరైనా మిగతా పేర్లు తెలుగులో రాసి పంపితే వచ్చే ఎపిసోడ్‌లో అదే చూపిద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.